యోబు కుట్టిన కొండ బూట్లు

యోబుకు దేవుడి మీద ఎంత నమ్మకమో తన చేతిపని మీదా అంతే నమ్మకం. ఓ పిసరు ఎక్కువే అని అతని భార్య పెంటమ్మ అంటుంది గానీ, ఆమె మాటలకేం, ఆమె ఎవర్నీ వదిలిపెట్టదు. చెప్పు తెగినా, మోట బొక్కెన చిల్లిపడినా, ఎద్దు మెడపట్టెడ ఊడినా చుట్టుపక్కల నాలుగూళ్ళ వాళ్ళు యోబు గుడిసెకే వచ్చేవారు. ఒకసారి అతని చేయి పడిన తోలు మళ్ళీ బాగుచేతకు రాదని పేరు. అందుకే మిషన్ బడి సాలోమోను పంతులు మేడ్చల్ నుంచి నాలుగు మైళ్ళు సైకిలు తొక్కుకుంటూ వచ్చి ఆ పొడుగాటి ఉత్తరం చదివి వినిపిస్తే, అందులో ఓడా, రైలూ, మంచుకొండలూ అన్నీ ఉన్నా, యోబు చెవిలో పడింది మాత్రం బూట్ల సంగతే.

సంగతేమిటంటే, పెద్ద యుద్ధం ముగిసి నాలుగేళ్ళవుతోంది. కొట్టుకున్న దేశాల పిల్లలూ, కొట్టుకోని దేశాల పిల్లలూ కలిసి పది రోజులు కొండలెక్కితే పెద్దయ్యాక ఒకరి మీద ఒకరు తుపాకులు ఎత్తరని స్విట్జర్లాండులో చర్చి పెద్దలకు ఒక ఆలోచన వచ్చింది. ఆలోచన మంచిదే, నేను కాదనను. దారి ఖర్చులన్నీ వాళ్ళే పెట్టుకుంటామని, మేడ్చల్ మిషన్ బడి నుంచి ముగ్గురు మగపిల్లల్నీ ముగ్గురు ఆడపిల్లల్నీ పంపమనీ రాశారు. బడిని చూసుకునే మిస్సమ్మ పెద్ద తరగతుల పిల్లలందరినీ షామీర్‌పేట చెరువు పక్కనున్న గుండ్ల మీదికి ఎక్కించి చూసింది. యోబు కూతురు సుందరమ్మ, పదిహేనేళ్ళది, లంగా ఎగజెక్కి ఉత్త కాళ్ళతో అందరికంటే ముందు పైకెక్కి, వెనక వస్తున్న ఇద్దరికి చెయ్యి కూడా అందించింది. మిస్సమ్మ అక్కడికక్కడే ఆ పిల్ల పేరు రాసుకుంది.

దూరపు కొండలు నునుపంటారు, ఇవి మరీ దూరమైపోయాయే అని పెంటమ్మ దీర్ఘం తీసింది. అప్పటికి ఆమెకు నెలలు నిండుతున్నాయి. కాన్పుకు కూతురు దగ్గరుంటుందా లేదా అన్న దిగులు ఒకటి, సముద్రం దాటిన పిల్లను రేపు ఎవరు చేసుకుంటారన్న దిగులు ఇంకొకటి. అయినా పంతులు పిల్లలకు కావలసిన సామాను జాబితా చదువుతూ ‘వానకోటు’ అనగానే, గొల్ల వీరయ్య దగ్గర నల్ల గొంగడి ఉంది, అంతకన్నా ఏ కోటూ వాన ఆపదు అని ఆమే ముందుగా చెప్పింది. దాన్నిబట్టి ఆమె ఒప్పుకున్నట్టే లెక్క అని ఇంట్లో అందరికీ అర్థమైంది.

ఇక బూట్లు. చీలమండ పైదాకా రావాలి, అడుగున మేకులుండాలి, రాయి మీద జారకూడదు. అటువంటివి కొనాలంటే లష్కర్ బజారులో ఆరుగురి తల్లిదండ్రులూ అమ్ముడుపోవాలి. యోబు పోయి పాత సామాన్ల దుకాణంలో ఒక్కటంటే ఒక్క మిలిటరీ బూటు, జత లేనిది, కుడికాలుది, పట్టుకొచ్చాడు. దాన్ని పోగుపోగునా విప్పి, ముక్కలన్నీ చాప మీద పరిచి మూడు రోజులు చూస్తూ కూర్చున్నాడు. తర్వాత తంగేడు చెక్కలో నానిన మంచి దున్నతోలు తీసి, ఆరెతో బెజ్జాలు పొడిచి, రెండు సూదుల కుట్టుతో నెలన్నరలో ఆరు జతలు కుట్టాడు. మేకులు కమ్మరి దగ్గర కొట్టించాడు. ఉన్ని మేజోళ్ళు రెండేసి వేసుకుంటారని చెబితే, ఆ మందం కోసం పిల్లల కాళ్ళకు గొంగడి పీలికలు చుట్టి మరీ కొలతలు తీశాడు. మిస్సమ్మ ఒక బూటు చేతిలో పట్టుకుని అటూ ఇటూ వంచి, వాళ్ళ దేశంలో కూడా ఇంతకన్నా బాగా కుట్టరని అన్నదట. ఆ మాట యోబు ఎంతమందికి చెప్పాడో లెక్క లేదు.

పంతులు పెట్టిన షరతు ఒక్కటే. ఈ రోజు నుంచీ బూట్లు వేసుకునే తిరగాలి. ప్రతి శనివారం మేడ్చల్ నుంచి షామీర్‌పేటకు, అక్కడ గుండ్లెక్కి దిగి మళ్ళీ మేడ్చల్‌కు మూటతో నడవాలి. జూన్ మొదటి శనివారం మిస్సమ్మ కాళ్ళు చూస్తుంది. కొండల మధ్యలో కాళ్ళు బొబ్బలెక్కి కూలబడితే మోసుకుని దించేవాళ్ళుండరు. అందుకని ఎవరి కాలికి బొబ్బ ఉంటే వాళ్ళు ఆగిపోవాల్సిందే. వాళ్ళ బదులు పోవడానికి ఇద్దర్ని అదనంగా ఎంచి పెట్టారు కూడా.

ఏప్రిల్‌లో పెంటమ్మకు కొడుకు పుట్టాడు. నెలాఖరున, బూట్లు చేతికొచ్చిన రెండు రోజులకే, బడి మూసి, హాస్టలు పైకప్పు విప్పి కొత్త పెంకులు వేయడం మొదలుపెట్టారు. మిగతా ఐదుగురివీ మేడ్చల్ ఇళ్ళే. సుందరమ్మ మాత్రం మూటా బూట్లూ తీసుకుని రావల్కోలు దారిలో ఉన్న తమ ఊరికి వచ్చేసింది. పచ్చి బాలింత తల్లి, చంటివాడు, నీళ్ళు, కట్టెలు, మేకలు, అన్నీ ఆ పిల్ల మీదే పడ్డాయి. పొద్దున లేచింది మొదలు ఒక చోట కూర్చున్నది లేదు.

మే మొదటి శనివారం నడకలో మధ్యాహ్నానికే సుందరమ్మ కుంటడం మొదలుపెట్టింది. బూట్లు విప్పితే రెండు మడమలూ బొబ్బలు. మిగతా ఐదుగురికి ఏమీ కాలేదు. అవే చేతులు, అదే తోలు. యోబుకు తల కొట్టేసినట్టయింది. పరాయి పిల్లలందరి బూట్లూ బాగుండి, కన్నకూతురి బూటే కరిచిందంటే తన చెయ్యి ఎక్కడో తప్పిందన్నమాట. ఆ వారమంతా మడమ దగ్గర కుట్టు విప్పి, తోలు పలచగా చెక్కి, ఆముదం పట్టించి మళ్ళీ కుట్టాడు. రెండో శనివారం మళ్ళీ బొబ్బలు. పాతవి మానకముందే పక్కన కొత్తవి లేచాయి. పోయేటప్పుడు పిల్ల కుంటుతూనే నడిచింది గానీ, తిరిగి వచ్చేటప్పుడు పంతులు సైకిలు వెనక కూర్చోవలసి వచ్చినందుకు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఇక మూడు వారాలే ఉందని, ఆ అదనపు పిల్లల్లో ఒకరికి కూడా బూట్లు కుట్టి ఉంచడం మంచిదేమోనని పంతులు నెమ్మదిగా చెప్పి వెళ్ళాడు.

ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు ఒక రకం. యోబు రెండో రకం, తప్పంతా మద్దెల చేసినవాడిదే అనుకునే మనిషి. మళ్ళీ ఆ బూట్లు ముందు వేసుకుని కుట్లు విప్పబోతుంటే, చంటివాడికి పాలిస్తూ గుడిసె గుమ్మంలో కూర్చున్న పెంటమ్మకు ఒళ్ళు మండింది.

“ఆ తోలును సంపకు ఇగ. దానిదేం తప్పు లేదు. ఆ మేకులు సూడు, అరిగినయా? మిగిలిన పిల్లలయి అరిగి తళతళ మెరుస్తున్నయని నువ్వే అంటివి గదా. నీ బిడ్డ బూట్లు నడిసినయా, సేతులల్ల ఊగినయా?”

యోబు బూటు తిరగేసి చూశాడు. మేకుల మీద కమ్మరి కొట్టిన సుత్తి గుర్తులు ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి.

ఆ ఊరి పద్ధతి అది. యోబు వాళ్ళ వాడ నుంచి బయటికి పోవాలంటే దొరల కోట ఇల్లైన గడి ముందు నుంచే పోవాలి, గడి ముందు వాడవాళ్ళెవరూ కాళ్ళకు చెప్పులతో నడవకూడదు. గడి ముందే కాదు, దొర పొలాల్లోనూ అంతే. ఆ పొలాలు పొలిమేర రాయి దాకా రెండు మైళ్ళు. చెప్పులు చేత్తో పట్టుకుపోయి, రాయి దాటాక తొడుక్కోవాలి. వచ్చేటప్పుడు రాయి దగ్గర విప్పాలి. ఆ చెప్పులు కుట్టిన యోబు కూడా అంతే, అతని నాయినా అంతే. సుందరమ్మ ఇరవై నాలుగు గంటలూ తిరుగుతున్నది గడి చుట్టూ, ఆ పొలాల్లోనే. ఆ పిల్ల బూట్లు శనివారం తప్ప నేల చూడలేదు. పంతులు ‘రోజూ నడుస్తోందా’ అని అడిగిన ప్రతిసారీ యోబు ‘కాలు నిలవకుండ తిరుగుతాంది’ అని చెప్పాడు. అబద్ధం చెప్పాలని కాదు. గాలి పీల్చడం ఎవరైనా లెక్కపెడతారా? చెప్పులు చేతిలో పట్టుకోవడం అతనికి అలాంటిదే, ఆ సంగతి గుర్తుకే రాలేదు.

ఆ సాయంత్రమే యోబు గడికి పోయాడు. యూనియన్ సైన్యం వచ్చి ఎనిమిది నెలలైంది, రాజ్యం మారిందని అందరూ అంటున్నారు గానీ గడి గోడ ఉన్నచోటే ఉంది. దొర పోయి ఆరేళ్ళు. కొడుకులిద్దరూ గొడవలకు జడిసి పట్నంలో కాపురం పెట్టారు. ఇక్కడ ఉన్నది లక్ష్మీకాంతమ్మ దొరసాని ఒక్కతే. యోబు వాకిట్లో నిలబడి చెప్పుకున్నాడు: పిల్ల ఫలానా చోటికి పోతోంది, బూట్లు మెత్తబడాలి, మెత్తబడాలంటే నడవాలి, పిల్ల మూడు వారాలు ఈ తోవలో బూట్లతో నడవడానికి సెలవియ్యాలి.

దొరసాని వెంటనే అవునూ అనలేదు, కాదూ అనలేదు. ఆ బూటు ఒకసారి చూస్తానంది. యోబు పరుగున పోయి తెస్తే, దాన్ని తన చేత్తోనే తీసుకుని బరువు చూసింది, మేకుల మీద వేలు రాసింది. అక్కడ మంచు నిజంగా రాళ్ళలాగా గడ్డకట్టి ఉంటుందా అని అడిగింది. తనకు తెలియదని, అందుకోసమే మేకులు కొట్టమన్నారని యోబు చెప్పాడు.

“నన్ను పన్నెండేండ్లప్పుడు పెండ్లి జేసి పరదా కట్టిన కచ్చురం బండ్ల తెచ్చిండ్రు. షామీర్‌పేట చెరువు గూడ పరదా సందులకెల్లి సూసుడే. నీ బిడ్డ సముద్రం దాటి పోతాందా? ఈ పద్ధతి నేను పెట్టింది గాదు యోబూ. తీసేస్తే నా కొడుకులు ఊకుంటరో ఊకోరో అది గూడ ఎరుకలేదు. నడువుమను పిల్లను” అంది దొరసాని.

యోబు నేల మీద నడవలేదు ఆ పూట. ఇంటికి పోయి మడమ కుట్టు చివరిసారి బిగించి, మళ్ళీ ఆముదం రాసి, కూతురి పక్క దగ్గర పెట్టి పడుకున్నాడు.

తెల్లవారి కట్టెల కోసం పొలిమేర దాకా పోదామని తండ్రీ కూతుళ్ళు బయలుదేరారు. సుందరమ్మ బొబ్బలకు గుడ్డపీలికలు చుట్టి, రెండేసి మేజోళ్ళు తొడుక్కుని, బూట్ల తాళ్ళు బిగించి ముందు నడుస్తోంది. లంగా కింద ఆ బూట్లు చూడడానికి నవ్వులాటగానే ఉన్నాయి. నవ్విన వాళ్ళూ ఉన్నారు. గడి మూల మలుపు తిరగగానే మేకులు రాళ్ళ మీద టకటకమన్నాయి. యోబుకు ఆ చప్పుడు ఎంత ఇష్టమనిపించిందంటే రెండడుగులు వెనక్కి ఉండి వింటూ నడిచాడు. కూతురు ఏదో చెప్పబోయి వెనక్కి తిరిగింది. తిరిగి అలాగే ఆగిపోయింది.

యోబు చేతిలో అతని చెప్పులున్నాయి. మలుపు దగ్గర వంగి ఎప్పుడు తీశాడో అతనికే తెలియదు.

“నీకు సెలవిచ్చింది బిడ్డా, నడువు,” అన్నాడు.

“నీకియ్యలేదా?”

“నేను అడగలే.”

సుందరమ్మ తోవ పక్కన రాయి మీద కూర్చుని బూట్ల తాళ్ళు విప్పడం మొదలుపెట్టింది. యోబు పరేషానైపోయాడు. ఉన్నవే ఇరవై రోజులు, ప్రతి రోజూ అవసరం. నీకేమైనా పిచ్చా, ఇంత చేసి ఇక్కడ మొండికేస్తే ఎట్లా, నీ బదులు వేరేవాళ్ళు పోతారు అని గొంతు తగ్గించి బతిమాలాడు. పిల్ల తలెత్తింది. కోపంగా లేదు, ఏడుపు ఆపుకుంటున్నట్టు ఉంది.

“ఆడ పదిహేను దేశాల పిల్లలుంటరట నాయినా. మీ నాయిన ఏం పని జేస్తడంటే బూట్లు కుడ్తడు, ఇవి ఆయన కుట్టినయే అని చెప్త. మరి ఆయనేం ఏసుకుంటడంటే ఏం జెప్పాలె? నువ్వు ఉత్త కాళ్ళతోని ఎన్క వస్తుంటే నేను ముంగట ఇట్ల టకటక నడవలేను. నాతోని గాదు.”

యోబు గడి వైపు చూశాడు. గేటు దగ్గర కాపలా సిద్దయ్య చుట్ట కాలుస్తూ వీళ్ళనే చూస్తున్నాడు. పై అంతస్తు కిటికీ సగం తెరిచి ఉంది, లోపల ఎవరో ఉన్నారు. యోబుకు ధైర్యం వచ్చిందని నేను చెప్పను. కానీ కూతురి వేళ్ళు రెండో బూటు తాడు దాకా వచ్చాయి. అవి విప్పితే మళ్ళీ తొడగదు. తొడగకపోతే బొబ్బలు, బొబ్బలుంటే ఓడ లేదు. ఆ భయం ఈ భయం కంటే పెద్దదైంది, అంతే. చెప్పులు కింద పడేసి కాళ్ళు దూర్చాడు. ఒక కాలు తప్పు చెప్పులోకి పోయింది. మళ్ళీ సర్దుకున్నాడు.

సుందరమ్మ తాళ్ళు కట్టుకుని లేచింది. ఇద్దరూ గడి ముందు నుంచి నడిచారు. సిద్దయ్య లేచి నిలబడ్డాడు, పై కిటికీ వైపు చూశాడు, అక్కడి నుంచి ఏ మాటా రాకపోయేసరికి మళ్ళీ కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది యోబుకు, ఎందుకంటే తిట్టు ఎట్లా పడాలో అతనికి తెలుసు. గోడ దాటాక చూసుకుంటే బనీను తడిసి ఒంటికి అతుక్కుని ఉంది.

ఆ తర్వాత రోజూ నడిచారు. నీళ్ళకు బూట్లు, మేకల వెంట బూట్లు, పొలం గట్ల మీద బూట్లు. వాడలో కొందరు తలుపు సందుల్లోంచి చూశారే గానీ ఎవరూ వెంట రాలేదు. నీకేమైనా అయితే మా మీదికి తేకు అని ఒక పెద్దమనిషి యోబును హెచ్చరించాడు కూడా. వారం తిరిగేసరికి మడమ దగ్గర తోలు లొంగింది. పాత బొబ్బలు ఎండి పొట్టు రాలింది. మే ఆఖరి శనివారం షామీర్‌పేట నుంచి వచ్చాక పిల్ల బూట్లు విప్పకుండానే గిన్నెలు తోమడానికి కూర్చుంది. అప్పుడు పెంటమ్మ మొగుడి వైపు చూసి నవ్వింది.

జూన్ మొదటి శనివారానికి యోబు తన కోసం కొత్త చెప్పుల జత ఒకటి కుట్టుకున్నాడు. ఇంతకాలం పాతవే చాలనుకున్న మనిషి, మిస్సమ్మ ముందు కూతురి పక్కన నిలబడాలి గనక మోజుపడ్డాడు. పిల్లలతో పాటు తానూ షామీర్‌పేట దాకా నడిచి వచ్చాడు. మేడ్చల్ బడి వరండాలో ఆరుగురూ బల్ల మీద కూర్చుని కాళ్ళు చాపారు. మిస్సమ్మ మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కొక్క పాదం చేతిలోకి తీసుకుని చూసింది. సుందరమ్మ మడమలు వేలితో నొక్కి, ఇంకొకసారి నొక్కి, పంతులు వైపు తిరిగి తలూపింది. యోబు గోడకు ఆనుకుని నిలబడే ఏడ్చాడు. ఏడ్చానని ఎవరికీ చెప్పుకోలేదు గానీ చూసినవాళ్ళు చాలామంది.

పెంకుల పని అయిపోయింది గనక పిల్లలు ఆ పూట నుంచే హాస్టలులో ఉండాలి, బొంబాయి రైలెక్కే దాకా. ఈ సంగతి యోబుకు తెలియక కాదు, తలచుకోలేదంతే. వెళ్ళబోతుంటే కూతురే తండ్రి కాలు చూసింది. కొత్త చెప్పు పట్టీ బొటనవేలి పక్కన కరిచి, బొబ్బ చిట్లి నెత్తురు కారుతోంది. అందరికీ బుద్ధులు చెప్పి, నువ్వే నడిచి మెత్తబడని చెప్పులు ఏసుకొస్తివా అని నవ్వి, తన మూటలోని గుడ్డపీలిక చింపి కట్టు కట్టింది. కట్టడం అయ్యాక కూడా కాసేపు ఆ పాదం వదల్లేదు.

నాలుగు మైళ్ళు యోబు ఒక్కడే నడిచాడు. పొలిమేర రాయి చేరేసరికి కట్టు జారిపోయింది, అడుగడుక్కూ ప్రాణం పోతోంది. గడి గేటు దగ్గర సిద్దయ్య చూసి లేచి వచ్చాడు. ఏమైందని అడిగి, చూసి, నిజంగానే జాలిపడ్డాడు. ఇంత బాధ పడుడెందుకు, విప్పి చేతిలో పట్టుకో, ఇంటికెంత దూరం గనక అన్నాడు. యోబు తల అడ్డంగా ఊపి, గోడ పొడుగునా కుంటుకుంటూ పోయాడు. కిటికీ తెరిచి ఉందో మూసి ఉందో తలెత్తి చూడలేదు.

గుమ్మంలో కూర్చోబెట్టి, పెంటమ్మ ఆ చెప్పు మెల్లగా లాగింది. తోలుకు నెత్తురు అంటుకుని ఉంది. పిల్ల ఎట్లా ఉందని మొదట అడిగింది, ఏడవకుండా పోయిందా అని అడిగింది. అన్నీ చెప్పించుకున్నాక, కాలు మీద నీళ్ళు పోస్తూ కోప్పడింది.

“పొలిమేర కాన్నుంచి ఇట్లనే వచ్చినవా? తొవ్వల ఇప్పితే ఏం పోయింది?”

“గడి ముంగట ఎట్ల ఇప్పుతనే?” అన్నాడు యోబు.

పెంటమ్మ లోపలికి పోయి కుండలోంచి ఇంకో చెంబెడు చల్లటి నీళ్ళు తెచ్చి పోసింది.